ఏ పనీ లేకుండా వచ్చే అత్తమ్మ

అత్తమ్మ పోయిందన్న కబురు పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున వచ్చింది. నస్పూర్ నుంచి వాళ్ల పక్కింటామె ఫోన్ చేసింది. "మీ అత్తమ్మ పొద్దుగాల్ల వాకిలి ఊడ్సింది, తానం చేసింది, కుర్సీల కూసున్నది. చాయ్ తెచ్చి పిలుస్తె పలుకుతలేదు బిడ్డా" అన్నది. అప్పటికే డాక్టర్ వచ్చి చూసి పోయాడట. ఆమెకు డెబ్బై ఏళ్లు. మా బాపుకు అక్క, నాకు మేనత్త.

బాపు మా దగ్గరే, కరీంనగర్‌లోనే ఉంటాడు. విషయం చెప్పగానే మంచం మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి అంగీ తొడుక్కుంటూ, "ముందు అన్నకు ఫోన్ కలుపు. నేనే చెప్త" అన్నాడు. మేం నస్పూర్ చేరేసరికి ఇంటి ముందు చాలామంది ఉన్నారు. అత్తమ్మ ఒక్కగానొక్క కూతురు, మా వదిన, గోదావరిఖని నుంచి అప్పటికే వచ్చేసింది. ఇక అందరూ వచ్చినట్టే కదా, ఎండెక్కకముందే కానిద్దామని పెద్దమనుషులు అంటుంటే, బాపు గేటు దగ్గర నిలబడి చెప్పాడు: "మా అన్న ఉట్నూరు నుంచి వస్తుండు. ఆయన వచ్చి మొఖం చూసినంకనే లేపుడు. అప్పటిదాక ఎవ్వలు తొందర పెట్టకుండ్రి."

నెమ్మదస్తుడైన మా బాపు అంత గట్టిగా మాట్లాడటం అక్కడున్న చాలామంది ఎన్నడూ విని ఉండరు. ఆ మాట వెనక ఒక కథ ఉంది. ఆ కథలో బండి నడిపింది అత్తమ్మే.

ఆ రోజు వచ్చినవాళ్లలో సగం మందికి ఒకరికొకరు తెలియదు. జగిత్యాల వైపు నుంచి, ధర్మపురి నుంచి, లక్సెట్టిపేట నుంచి, ఇంద్రవెల్లి నుంచి వచ్చారు. "మీరేమైతరు?" అని ఒకరినొకరు అడుక్కుంటుంటే చాలామంది నోట ఒకటే జవాబు విన్నాను. "ఏం కాము. మా ఇంటికొచ్చేది."

అత్తమ్మ అందరి ఇళ్లకూ వెళ్లేది. తన కారు తనే నడుపుకుంటూ వెళ్లేది.

నిజానికి ఆ కారు మా మామయ్యది. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, రిటైరై దిగిపోయిన ఏడాది ఒక పాత తెల్లకారు కొన్నాడు. సెలవులు దొరక్క ఏ చుట్టం ఇంటికీ పోలేకపోయాం, ఇకనుంచి అందరి ఇళ్లకూ పోదాం అన్నది ఆయన కోరిక. కొండగట్టు తీసుకుపోయి అంజన్న దగ్గర బండికి పూజ చేయించుకొచ్చాడు. అదే మొదటి ప్రయాణం, అదే ఆఖరిది. రెండు నెలలకే గుండెపోటుతో పోయాడు. కారు ఇంటి ముందు నీలం ప్లాస్టిక్ పట్టా కింద ఉండిపోయింది.

వదిన, వాళ్లాయన కారు అమ్మేద్దామన్నారు. నడిపేవాళ్లు లేని బండి ఎండకూ వానకూ పాడవడం ఎందుకని వాళ్ల బాధ. అత్తమ్మ ఒప్పుకోలేదు. "చుట్టాల ఇండ్లకు పోదామని కొన్నడు. ఒక్క ఇంటికి గూడ పోలే. అమ్ముడు ఎట్లయితది?" అన్నది. మరునాడే మంచిర్యాలలో డ్రైవింగ్ నేర్పేచోటికి వెళ్లి పేరు రాయించుకుంది. అప్పటికి ఆమెకు యాభై ఆరేళ్లు. అన్నాళ్లూ ఇంటి దగ్గర కూర్చుని కాలనీ ఆడవాళ్లకు జాకెట్లు కుట్టింది. ఈ వయసులో కాళ్లు వింటాయా అమ్మా అని నేర్పేవాడు అనుమానపడితే, "ముప్పై ఏండ్లు మిషన్ తొక్కిన కాళ్లు. నీ మాట వినకున్న నా మాట వింటయి" అందట.

విన్నాయి గానీ అంత తొందరగా వినలేదు. మొదటి నెలలోనే వెనక్కి తీయబోయి తమ గేటు స్తంభాన్ని పడగొట్టింది. చుట్టుపక్కల వాళ్లంతా బయటికొచ్చి నవ్వితే, "గుద్దింది నా గోడనే. మీకెందుకు పరేషాన్?" అని లోపలికి వెళ్లిపోయింది. తెల్లారి ఇసుక, సిమెంటు తెచ్చి స్తంభాన్ని తనే కట్టింది. అది ఇప్పటికీ కొంచెం పక్కకు ఒరిగే ఉంటుంది. సరిచేయిస్తానని అల్లుడు ఎన్నిసార్లు అన్నా వద్దంది.

ఆమె ప్రయాణాలకు కొన్ని పద్ధతులుండేవి. పెళ్లికీ, చావుకీ కారు తీసేది కాదు. వాటికి అందరిలాగే బస్సులో వచ్చేది. "పెండ్లికి పోతె పందిరిని చూసి వస్తం. చావుకు పోతె శవాన్ని చూసి వస్తం. మనిషిని చూడాలంటె ఏం లేని దినం పోవాలె" అనేది. అందుకే ఆమె ఏ మామూలు బుధవారమో, శుక్రవారమో వచ్చేది. ఎందుకొచ్చిందో మొదట ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఏమన్నా ఆపతి వచ్చిందేమోనని కంగారు పడేవాళ్లు. కొన్నాళ్లకు అలవాటు పడ్డారు. తరువాత ఎదురు చూడటం మొదలుపెట్టారు.

ముందుగా చెప్పి వచ్చేది కాదు. ఊరి పొలిమేరలోకి వచ్చాక ఫోన్ చేసేది. "ముందుగాల్ల చెప్తె కోడిని కోస్తరు. కోసుడు, వండుడు, తినుడు, ఇంక మాట్లాడుడు ఎప్పుడు?" అనేది. వచ్చాక ముందుగదిలో కూర్చునేది కాదు. నేరుగా వంటింట్లోకి పోయి, కత్తిపీట ముందు వేసుకుని అక్కడున్న కూరగాయలు తరగడం మొదలుపెట్టేది. వంకాయలు తరుగుతూ అడిగితే మనుషులు నిజాలు చెబుతారని ఆమె నమ్మకం. చాయ్ గురించి ఆమె చెప్పిన మాట మా చుట్టాలందరికీ కంఠతా వచ్చు. "మొదటి చాయ్‌కు బాగున్నమంటరు. రెండో చాయ్‌కు మోకాళ్ల నొప్పులు చెప్తరు. మూడో చాయ్‌కు అసలు సంగతి చెప్తరు."

అది నేను కళ్లారా చూశాను. కాలేజీకి ఎండాకాలం సెలవులిచ్చినప్పుడు నన్ను వెంట తీసుకుపోయేది. మామయ్యతో బాయిలో పనిచేసిన స్నేహితుడు జగిత్యాలలో ఉంటాడు. మేమంతా చాచా అంటాం. వెళ్లగానే చాచీ, "ఆవో ఆవో, అంత మంచిగనే ఉన్నం" అంది. రెండో చాయ్‌కు తన షుగర్ గురించి చెప్పింది. మూడో చాయ్‌కు గొంతు తగ్గించి, "రిటైరైనంక ఈయన గడప దాటుతలేడు. నిద్రల బాయి సైరన్ వినవడుతదంట, దిగ్గున లేచి కూసుంటడు. నాకు ఫికరైతుంది" అంది.

"అయితె పోయి ఆ సైరన్ మెలకువల విని వద్దాం" అంది అత్తమ్మ.

వారం తిరక్కుండా వచ్చి చాచానూ చాచీనీ కారులో ఎక్కించుకుంది. నేనూ ఉన్నాను. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు, చాచా పనిచేసిన బాయి గేటు ఎదురుగా కారు ఆపింది. సైరన్ మోగింది. చాచా మెల్లగా దిగి, రోడ్డు పక్కన నిలబడ్డాడు. నల్లబడ్డ మొహాలతో మనుషులు బయటికి రావడం మొదలైంది. వాళ్లలో ఒకతను ఆగి చూసి, "చాచా! నువ్వా!" అని పరిగెత్తుకొచ్చాడు. అతని వెనక మరో నలుగురు. చాచా ఒక్కొక్కరి భుజమూ పట్టుకుని వాళ్ల పిల్లల పేర్లతో సహా అడిగాడు. తిరుగుదారిలో జగిత్యాల దాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్లను దించాక అత్తమ్మ చెవిలో వేలు పెట్టుకుని తిప్పుతూ, "గీయన గడప దాటుతలేడన్నది గద! ఇగ నోరు మూపిచ్చుడు చాచీ వల్ల గాదు" అని నవ్వింది.

ఇంత మంది ఇళ్ల సంగతులు చక్కబెట్టిన మనిషి, తన సొంత అన్నదమ్ముల సంగతి మాత్రం తొమ్మిదేళ్లు చక్కబెట్టలేకపోయింది. దానికి కారణం ఆమెకే తెలుసు.

మా పెద్దబాపు ఉట్నూరులో ఉంటాడు. అక్కడే బడిపంతులుగా పనిచేసి అక్కడే స్థిరపడ్డాడు. ఆ ముగ్గురిలో ఆయన పెద్ద, అత్తమ్మ రెండోది, మా బాపు చిన్న. వాళ్ల అవ్వ, అంటే మా నాయనమ్మ, కొండగట్టు దగ్గరి మా ఊళ్లో చనిపోయినప్పుడు ఎడతెగని వానలు. జన్నారం అడవి దారిలో వాగు పొంగి పెద్దబాపు ఆగిపోయాడు. ఫోన్లు కలవలేదు. ఒక రాత్రి, మళ్లీ ఒక పగలు గడిచింది. చివరికి ఆయన కోసం ఆగకుండానే దహనం చేశారు. తల్లికి చిన్నకొడుకు నిప్పు పెట్టాలి కాబట్టి బాపే పెట్టాడు. పెద్దబాపు నిర్మల్ మీదుగా చుట్టు తిరిగి, మూడు బస్సులు మారి వచ్చేసరికి చితి సగం కాలింది. ఆయన అక్కడే, అందరి ముందే బాపుతో అన్నాడు: "అవ్వ మొఖం నాకు లేకుంట చేసినవ్. ఇగ నీ మొఖం నాకొద్దు." మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

తొమ్మిదేళ్లు ఇద్దరికీ మాటల్లేవు. బాపు ఒక్కసారి కూడా తన తరఫు వాదన చెప్పుకోలేదు. బాపే తొందరపడ్డాడని నేనూ అనుకున్నాను. మనసులో ఆయనను తప్పు పట్టాను కూడా.

నాలుగేళ్ల కింద, కందికాయలు పచ్చిగా ఉండే రోజుల్లో, ఒక పొద్దున అత్తమ్మ కరీంనగర్‌లో మా ఇంటి ముందు కారు ఆపింది. లోపలికి వచ్చి బాపు ఎదురుగా నిలబడింది.

"తమ్మీ, ఉట్నూరు పోతున్న. నువ్వు రా."

"అన్న నా మొఖం చూడనన్నడు గద అక్కా."

"చూడుమని నేను అంటలే. మతలబు చేసి తీస్కపోతలేను, ఉన్న మాటే చెప్తున్న. పక్క సీటు ఖాళీ ఉన్నది. వస్తె రా, లేకుంటె లేదు."

బాపు చాలాసేపు పేపరు తిరగేస్తూ కూర్చున్నాడు. తరువాత చెప్పులు వేసుకుని, "కొండగట్టు దాక వస్త. దర్శనం చేస్కొని బస్సుల వస్త" అన్నాడు. నేను వెనక సీట్లో కూర్చున్నాను.

కొండగట్టులో దర్శనమైంది. అత్తమ్మ కారు అద్దాలు ఎక్కిస్తూ, కోతులను చూసి, "గివి గూడ చుట్టాలే గని బండ్లెకు రానియ్యద్దు" అంది. బాపు దిగిపోతాననలేదు. "జగిత్యాల్ల బస్సులు బాగుంటయి, అక్కడ దిగుత" అన్నాడు. జగిత్యాల బస్టాండు వచ్చింది, పోయింది. "ధర్మపురి దాక వచ్చి నర్సన్నను చూడకుంట పోవుడెట్ల" అన్నాడు. అక్కడా దర్శనమైంది. రాయపట్నం వంతెన మీదికి వచ్చాక ఎక్కడా దిగే మాట ఎత్తలేదు. కింద గోదావరి సన్నగా, ఇసుక మేటల మధ్య పారుతోంది. అత్తమ్మ అటు చూడలేదు, ఇటు చూడలేదు. రోడ్డే చూస్తూ నడిపింది.

జన్నారంలో చాయ్ కోసం ఆగాం. ఆమె ఇంజన్ ఆపి, కారులోనే కూర్చుని అడిగింది.

"తమ్మీ, ఆనాడు అవ్వను తియ్యుండ్రి అన్నది ఎవలు?"

బాపు నావైపు చూశాడు. "అదంత ఇప్పుడెందుకు అక్కా? పిల్ల ఉన్నది."

"పిల్లను విననియ్యి. ఎవలన్నరు?"

"నువ్వే."

"నువ్వేమన్నవ్?"

"తెల్లారేదాక ఆగుదామన్న."

"మరి అన్న నిన్ను గన్ని మాటలంటుంటె నేనేం చేసిన?"

"ఏడుస్తున్నవ్."

"ఏడ్సుకుంట నోరు మూస్కున్న" అంది అత్తమ్మ. "వానకు భయపడ్డ, అవ్వ పీనుగ చెడుతదేమోనని భయపడ్డ. అంతవరకు తప్పు గాదు. తరువాత మూస్కున్నదే తప్పు. తొమ్మిదేండ్లసంది ఏడాదికోసారి ఆయనింటికి పోతున్న. మూడు చాయ్‌లు తాగుతున్న. నా అసలు సంగతి మాత్రం చెప్తలేను. ఇయ్యాల చెప్త."

బాపు వద్దంటూ తల అడ్డంగా ఊపాడు. ఆమె బండి తీసింది. అడవి దారి మొదలైంది. బాపు మెడ వెనక నెరిసిన వెంట్రుకలు చూస్తూ, తొమ్మిదేళ్లు ఆయన గురించి తప్పుగా అనుకున్నందుకు నేను సిగ్గుపడ్డాను.

ఉట్నూరులో పెద్దబాపు వాకిట్లో చాప వేసుకుని కందికాయలు ఒలుస్తున్నాడు. పెద్దమ్మ గేటు తీసింది. చెల్లెల్ని చూసి నవ్వబోయిన పెద్దబాపు, వెనక బాపును చూసి లేచి లోపలికి నడిచాడు. అత్తమ్మ వాకిట్లోనే నిలబడి గొంతెత్తింది.

"అన్నా, ఆగు. ఒక మాట విని పో. ఆనాడు తమ్ముడు ఆగుదామన్నడు. ఆగద్దన్నది నేను. నిన్ను అవ్వ మొఖం చూడకుంట చేసింది నేను."

పెద్దబాపు గడప మీద ఆగిపోయాడు. ఇటు తిరిగాడు. ఆయన కోపం నేను అనుకున్నట్టు కరగలేదు. అత్తమ్మ మీదికి తిరిగింది.

"తొమ్మిదేండ్లు నా ఇంట్ల తిన్నవ్ గద చెల్లే. ఒక్కనాడన్న నోరు తెరిచినవా?"

"తెర్వలే. తిట్టు. ఎంతసేపన్న తిట్టు, నిలవడ్త. గని వాన్ని లోపటికి పిలువు."

పెద్దబాపు బాపు వైపు చూశాడు. "నువ్వెందుకు చెప్పలేదురా?"

బాపు తల వంచుకునే చెప్పాడు. "అక్క ఒక్కతే మన రెండిండ్లకు వచ్చిపోతుండె. నీ కతలు నాకు చెప్తుండె, నా కతలు నీకు చెప్తుండె. ఆమెకు గూడ నీ తలుపు మూసుకపోతె ఇగ నీ సంగతి నాకెవలు చెప్తరన్నా?"

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దబాపు మెల్లగా వచ్చి చాప మీద కూర్చున్నాడు. ఒలిచిన గింజల్లో చేతులు పెట్టి ఊరికే కలుపుతూ అడిగాడు.

"అవ్వ మొఖం ఎట్లుండెరా?"

బాపు ఆయన పక్కన కూర్చున్నాడు. "నిమ్మలంగనే ఉండె. నిద్రపోయినట్టె. పసుపు రాసిండ్రు." తనూ ఒక కాయ చేతిలోకి తీసుకుని, "కట్టుడు పండ్లు పెట్టుడు మర్సిపోయినమన్నా. బుగ్గలు లోపటికి పోయి, బోసి నోటితోని నవ్వుతున్నట్టె ఉండె" అన్నాడు.

"ఆ పండ్లు నేనే కట్టిచ్చిన" అన్నాడు పెద్దబాపు. "ఎన్నడన్న పెట్టుకున్నదా? గుచ్చుకుంటున్నయని డబ్బల వెడుతుండె." నవ్వబోయాడు. ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చాడు. డెబ్బై దాటిన మనిషి, తమ్ముడి భుజం పట్టుకుని ఏడ్చాడు. అత్తమ్మ దగ్గరికి పోలేదు. నిలబడ్డచోటే నిలబడింది.

అన్నదమ్ములిద్దరూ ఆ పూట ఒకే కంచం దగ్గర కూర్చున్నారు. కానీ పెద్దబాపు ఆ రోజు చెల్లెలితో మళ్లీ మాట్లాడలేదు. ఆ తరువాత ఏడాది పాటు మాట్లాడలేదు. అత్తమ్మ అయినా మానలేదు. రెండు నెలలకోసారి ఉట్నూరు పోయి, వాకిట్లో కూర్చుని, పెద్దమ్మ చేతి చాయ్ తాగి వచ్చేది. బాధ కాదా అత్తమ్మా అని ఒకసారి అడిగాను. "ఇన్నాళ్లు నాకు రావల్సిన కోపం తమ్ముడు మోసిండు. ఇప్పుడు నాది నాకచ్చింది. బరువుంటది గని, నాదే గద" అంది. ఏడాది దాటాక ఒకరోజు చాయ్ గ్లాసు పట్టుకుని పెద్దబాపే బయటికి వచ్చాడట. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసి, "ఇయ్యాల చాయ్‌ల చక్కెర ఎక్కువైంది కోడలా. మీ పెద్దబాపు కలిపిండు" అంది. పోయిన నెల ఆ పెద్దబాపు వచ్చి చెల్లెలి మొఖం చూసుకున్నాకే అత్తమ్మను లేపారు.

పోయిన దీపావళి తరువాత మళ్లీ ఉట్నూరు వెళ్లాం. అదే మా ఇద్దరి ఆఖరి ప్రయాణమని అప్పుడు తెలియదు. మోకాలు సతాయిస్తోందని కారు నాకే ఇచ్చి, పక్కన కూర్చుని నా నడపడంలో తప్పులు చెబుతూ వచ్చింది. తిరిగి వస్తుంటే, పొద్దు వాలుతున్న వేళ, ఇందన్‌పల్లి ఇవతల అడవి దారిలో ఆవుల మంద అడ్డం వచ్చింది. రోడ్డు నిండా ఆవులే. వాటి వెనక కర్ర పట్టుకుని ఒక నడివయసు ఆమె నడుస్తోంది. నేను హారన్ మీద చెయ్యి వేయబోతే అత్తమ్మ వద్దంది. అద్దం దించి, "ఏ ఊరు చెల్లే మీది?" అని అడిగింది.

"గీ ముంగటి గూడెమే" అంది ఆమె.

"ఎంతమంది పిల్లలు?"

ఆమె ఏదో చెప్పింది గానీ ఆవుల మెడగంటల్లో వినిపించలేదు. అత్తమ్మ తలుపు తీసుకుని దిగింది. మోకాలు నొప్పి కదా అని నేను అంటూనే ఉన్నాను, అప్పటికే ఆమె కుంటుకుంటూ మందలోకి నడిచి ఆ మనిషి పక్కకు చేరింది. నేను మొదటి గేరులో వాళ్ల వెనకే మెల్లగా పోనిచ్చాను. ఎదురుగా ఎర్రటి దుమ్ము, దానిలో ఇద్దరు ఆడవాళ్ల వీపులు, చుట్టూ ఊగుతున్న ఆవుల మూపురాలు. అత్తమ్మ ఒక చెయ్యి పక్కన నడుస్తున్న ఆవు మీద ఆనించి, రెండో చెయ్యి తిప్పుతూ ఏదో అడుగుతోంది. ఆ మనిషి కర్ర చంకలో పెట్టుకుని, వేళ్లు మడుస్తూ లెక్క చెబుతోంది. అత్తమ్మ తల ఊపుతూ, ఇంకా ఏదో అడుగుతూ, వెనక్కి చూడకుండా నడుస్తూనే ఉంది.